మల్లిగె ఏడవలేదని మనవి

పశువైద్య అధికారి గారి సముఖమునకు,

బెంగళూరు, కాటన్‌పేటలో పెళ్ళి గుర్రం నడుపుకొను అంజినప్ప, వయస్సు 67, రాసుకొను అర్జీ.

విషయం: మల్లిగె అను తెల్ల గుర్రం దుఃఖంలో లేదనియు, అది చేసినది సినిమా నటన మాత్రమే అనియు, కావున దానిని నాకు తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

నాకు కన్నడ మాట్లాడ్డం వస్తుంది, రాయడం రాదు. తమరు ముళబాగిలు వైపువారని, తెలుగు చదువుతారని తమ ఆఫీసులో నేత్రావతమ్మ చెప్పినందున తెలుగులోనే రాసుకుంటున్నాను.

1. గత జనవరి 19వ తేదీన నా భార్య హనుమక్క గుండె ఆగి కాలం చేసినది. పెద్ద వయసులో పోయినవారిని తమటె డప్పులు వాయించి, పటాకులు కాల్చి సాగనంపడం మా వీధి ఆచారం. ఆ ప్రకారమే చేశారు. మొదటి పటాకుల సరం పేలగానే, షెడ్డు ముందు కట్టి ఉంచిన మల్లిగె నాలుగు కాళ్ళూ చాపి పాడెకు అడ్డంగా పడుకున్నది. అరగంట లేవలేదు. ఎవరో దాన్ని ఫోనులో తీసి, యజమానురాలి కోసం కన్నీరు కార్చిన గుర్రం అని పెట్టారు. లక్షల మంది చూశారట. కన్నీరు పటాకుల పొగ వల్ల వచ్చినది. నాకు మాత్రం పొగకు కూడా రాలేదు.

2. ఆ వీడియో చూసి జంతు సంరక్షణశాల వారు వచ్చారు. వారి డాక్టరు గుర్రాన్ని పరీక్షించి, తీవ్ర మనోవేదన అని రాసి, హెబ్బగోడి అవతల ఉన్న తమ షెడ్డుకు తరలించారు. పనిలో పనిగా నన్ను కూడా చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు. తప్పు పట్టడం లేదు, వారు పశువుల డాక్టరు.

3. అసలు సంగతి ఏమనగా, క్రిందటి కార్తీకంలో రామనగరం అవతల బండల మధ్య ఒక కన్నడ సినిమా తీశారు. కౌబాయ్ సినిమాలను వెక్కిరించే కామెడీ. అందులో హీరో గురి ఎప్పుడూ తప్పుతుంది. విలన్‌ను కాలిస్తే విలన్ గుర్రం చస్తుంది. ఆకాశంలోకి కాల్చినా అదే గుర్రం చస్తుంది. ఆఖరి ద్వంద్వయుద్ధంలో ఇద్దరూ తుపాకులు పక్కన పెట్టి రాగిముద్ద తింటూ ఉంటే, ఎక్కడో లారీ టైరు పేలి మళ్ళీ అదే గుర్రం చస్తుంది. సదరు గుర్రం మా మల్లిగె.

దానికి చావడం నేర్పినది హనుమక్క. ఇరవై రోజులు, పటాకు ఒకటి, బెల్లంముక్క ఒకటి. పటాకు పేలితే పడుకోవాలి. "అయిపోయె, లేమ్మా మల్లీ" అంటే లేవాలి. డైరెక్టరు ఎన్నిసార్లు కట్ అన్నా లేచేది కాదు.

4. సినిమా అయిపోయింది గానీ గుర్రానికి ఆ సంగతి తెలియలేదు. కె.ఆర్.పురం పెళ్ళిలో పటాకులు పేలగానే పెళ్ళికొడుకుతో సహా పడుకున్నది. అబ్బాయి మెల్లగా జారి, తలపాగా చెదరకుండా నిలబడ్డాడు. హనుమక్క ఆ మాట అన్నది, గుర్రం లేచింది, ఆయన మళ్ళీ ఎక్కాడు. ఆనాటి నుంచి ప్రతి పెళ్ళికీ కొంగున బెల్లం కట్టుకుని గుర్రం పక్కన నడిచేది. పదకొండు పెళ్ళిళ్ళు నడిచింది. ఎవరో బంధువులావిడ అనుకుని పెళ్ళివాళ్ళు ఆకువక్క ఇచ్చేవారు.

5. సాగనంపిన రోజు ఆ మాట నేను మూడుసార్లు అన్నాను. లేవలేదు. నా మాట ఇంట్లో ఎవరూ విన్నది లేదు, అది కొత్త సంగతి కాదు. ఆరుగురు తాళ్ళు వేసి లేపారు. తాడు ఎక్కడ వేయాలో, ఎక్కడ వేస్తే నొప్పి పుడుతుందో పక్కన నిలబడి చెప్పినది నేనే. ఎదురింటి సరోజమ్మ అందరూ వినేటట్టే అనింది, "గుర్రానికుండే దుక్కం మొగుడికి లేదు సూడప్పా" అని. నాకూ అలాగే అనిపించింది. కాకపోతే గుర్రానికి కూడా లేదని తమకు తెలియజేయుట నా బాధ్యత.

ఆ తర్వాత కూడా నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేస్తున్నది, నిద్ర పడుతున్నది. పొద్దున్నే పోయి ఖాళీ షెడ్డు ఊడ్చి వస్తున్నాను. ఊడ్చడానికి ఏమీ ఉండదు.

6. ఇక గుర్రం నీకెందుకు అని తమరు అడగవచ్చును. పెళ్ళిళ్ళు మానుకున్నాను. మాకు పిల్లలు లేరు. హనుమక్క గొంతు కోసం ఎదురుచూసే ప్రాణాలు ఇప్పుడు రెండే ఉన్నాయి, అది, నేను. ఒకటి హెబ్బగోడిలో, ఒకటి కాటన్‌పేటలో ఉండవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

7. సదరు సినిమా ప్రస్తుతం ఆడుతున్నది. తమరు ఒకసారి చూసినచో, మల్లిగె ఎవరూ పోకపోయినా ఇదే విధంగా పడుకుంటుందని రుజువు కాగలదు. నేను చూడలేదు. షూటింగు చూసినందున మళ్ళీ చూడాలని అనిపించలేదు.

కావున పై సంగతులన్నియు చిత్తగించి, ఈ నెల 21వ తేదీన తమరు జరిపే విచారణలో గుర్రాన్ని నాతో పంపించవలెనని మనవి.

తమ విధేయుడు, మల్లిగె తరఫున కూడా,
అంజినప్ప

తా.క. తమరిని చూడమని రాసి నేను చూడకపోవడం బాగుండదని నిన్న కె.ఆర్.పురంలో మధ్యాహ్నం ఆటకు పోయాను. ఆఖరులో టైరు పేలింది, మల్లిగె పడింది. అంతలో బండల వెనక నుంచి హనుమక్క, "అయిపోయె, లేమ్మా మల్లీ" అనింది. షూటింగులో ఆమె తొందరపడి అనేసిందని ఆ రోజు డైరెక్టరు కోప్పడ్డాడు. తీసేస్తామన్నాడు. తీయలేదు. కన్నడ సినిమాలో ఆ ఒక్క తెలుగు మాటకు హాలంతా నవ్వింది. తెర మీద గుర్రం లేచింది. నేనూ లేచి నిలబడి ఉన్నాను.

వెనక సీటులో ఎవరో తెలుగావిడ, "కూర్చో తాతా, సినిమా ఇంకా అయిపోలా" అనింది.

కూర్చున్నాను. కూర్చున్న తర్వాత ఏడుపొచ్చింది. లైట్లు వేసినా ఆగలేదు. ఈ సంగతి రిపోర్టులో ఎక్కించనక్కర లేదు.

విచారణ రోజు ఒక్క పటాకు పేల్చి, సినిమాలోని ఆ మాట వినిపించండి. మల్లిగె లేస్తుంది. బెల్లం నేను తెస్తాను.