నూట పన్నెండో పేజీ

సార్,

బడి స్థలం మీద మీరు ఇంగ్లీషులో రాసిన వరద రిపోర్టు రెండొందల పేజీలుంది. ప్లానింగ్ కమిటీ చైర్మన్ మా నాన్నే. "ఇంగ్లీషు మీడియం కదమ్మా, తెలుగులో ఒక్క పేజీ చేసిపెట్టు" అన్నారు. నాకేమో పరీక్షలు. మొదటి పది పేజీలు చూసి, స్థలం బాగుందని రాసిచ్చేశాను. "రిపోర్టంటే ఇలా ఉండాలి" అని కమిటీలో ఒకాయన మెచ్చుకున్నారట. అందరూ అదే చదివి, అక్కడ చిన్నపిల్లల బడికి సంతకాలు పెట్టేశారు.

మిగతాది నిన్న చదివాను. వానాకాలం అక్కడ నడుం లోతు నీళ్లొస్తాయని నూట పన్నెండో పేజీలో ఉంది.

సోమవారం పునాది తవ్వుతారు. నాన్నకి చెప్పాలంటే నాకు చచ్చేంత భయం. ఆలోపే మీరు ఆయనకి ఉత్తరం రాయండి, ప్లీజ్. నా సంగతి ఎత్తకండి. ఇంగ్లీషులోనే రాయండి. చదివి చెప్పమని నాకే ఇస్తారు. ఈసారి ఒక్క ముక్క కూడా వదలను.