తమరు మగదన్న చేప గురించి

తాండూరు,
12 జూలై 1963

గౌరవనీయులైన ఇన్‌స్పెక్టరు గారికి,

మా బాలికల పాఠశాలను తనిఖీ చేసినప్పుడు, సైన్సు గదిలోని బండల తొట్టిలో ఇన్ని ఆడచేపలకు మగచేప ఒక్కటే ఎందుకుందో సంజాయిషీ రాయమన్నారు.

అన్నిటికంటే లావుగా ఉందని తమరు మగదిగా గుర్తించిన ఆ చేప మర్నాడే ఇరవై పిల్లలను కన్నది. ఈ అమెరికా జాతిలో అన్నీ ఆడవే. మగదైతే పొట్ట కింది రెక్క పుల్లలా సన్నగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూశాను, మా తొట్టిలో అన్నిటికీ విసనకర్రలాగే ఉంది.

అలాగని మగచేపతో బొత్తిగా పని లేదని కాదు. దగ్గరి జాతి మగచేప ఒకటి వచ్చిపోతేనే కడుపులోని గుడ్లు పిల్లలవుతాయి. ఆ పిల్లలకు మాత్రం దాని పోలిక ఒక్కటీ రాదు. పోయిన నెల హైదరాబాదు నుంచి నల్ల మగచేపను తెప్పించి కొన్నాళ్లు తొట్టిలో ఉంచి తీసేశాను. పుట్టినవన్నీ తల్లిలా వెండి రంగే.

ఇది విని మా ఆయా భాగమ్మ, "మన హెడ్మాస్టరు సారు గూడ గట్లనే గద టీచరమ్మా. వస్తడు, పోతడు" అంది. ఆడవాళ్లే నడిపే బడికి మగవారి అజమాయిషీ ఉండాలని తమరే నియమించిన పక్క బడి హెడ్మాస్టరు గారిని అలా అనకూడదని మందలించాను. మగచేపకు సంతకం పెట్టడం రాదు కదా.

నిబంధన ప్రకారం ఈ సంజాయిషీ అడుగున కూడా వారి సంతకం ఉంది. శనివారం ఖాళీ కాగితం మీద పెట్టి వెళ్లారు. పైన మిగిలిన జాగాలో నేను ఇది రాశాను.

విధేయురాలు,
సైన్సు టీచరు