కెప్టెన్ గారి కప్పులో ఉప్పు

మంగళవారం, గోజెక్ దగ్గర లంగరు వేసిన చోటు

మోకాలు విరగ్గొట్టుకుని నన్నొక్కణ్ణే ఈ కొయ్య పడవలోకి తోసేసిన నా నజ్మియేకి,

కట్టు విప్పారా? కాలు నయం కాగానే దాంతో ముందు నన్నొకటి తన్ను. కాబోయే వియ్యాలవారితో వారం రోజుల పడవ షికారుకి సరేనన్నందుకు. నీకిచ్చిన మాట ప్రకారం మూడు రోజులుగా ఒక్క కొంటెపనీ చెయ్యలేదు. పడవ ఎక్కగానే అందరి చెప్పులూ ఒకే బుట్టలో వేయిస్తారు. ఐదు జతలు, కాపలా లేదు, పక్కన నేను! అయినా ఒక్కటి దాచిపెడదామని కూడా చెయ్యి పెట్టలేదు. నా అవస్థ నువ్వే ఊహించుకో.

అసలు సంగతి నీకు తెలియదు. ఫెతియే రేవులో మన జెయ్లాన్ నన్ను పక్కకు లాగి, "నాన్నా, కోప్పడకు. నువ్వు రిటైరైన ఓడ కెప్టెనువని వాళ్ళకి చెప్పాను" అంది.

"ఎందుకే?"

"టోల్గా వాళ్ళ నాన్న జడ్జి కదా. వాళ్ళమ్మ అడిగేసరికి నోటికి అదే వచ్చింది."

ముప్పయ్యేళ్ళుగా ఎస్కిషెహిర్‌లో సెలూన్ నడుపుతున్నవాణ్ణి. మన పోర్సుక్ ఏట్లో కూడా మోకాలు దాటి దిగనివాణ్ణి. నన్ను కెప్టెన్ చేసేసింది! ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణే గానీ, ఆ కత్తెరతోనే కదా దాన్ని అంత చదువు చదివించాను? సిగ్గుపడాల్సిన పని ఏం చేశానో నువ్వైనా చెప్పు.

ఆ జడ్జి ముహిత్తిన్ బే ఊరుకునే మనిషి కాడు.

"కెప్టెన్ గారూ, మీరు నడిపింది ఎలాంటి ఓడ?"

"పెద్దది."

"ఎంత పెద్దది?"

"చాలా పెద్దది."

వెనక చక్రం పట్టుకున్న రుష్తు దగ్గు నటించాడు. ఈ పడవ నడిపే అసలు కెప్టెన్ అతనే. తర్వాత నా చెవిలో, "అన్నా, తాడు అలా పట్టుకోకు, తువ్వాలు దులిపినట్టుంది" అన్నాడు. జడ్జి భార్య నెజిహే హనుమ్ అయితే నేను చేపని చేత్తో తింటుంటే, "ఓడల మీద ఉండి ఉండి అలవాటైపోయిందేమో పాపం" అని మూతి తుడుచుకుంది. నా నాలుక మీద పది జవాబులు ఎగిరాయి. అన్నీ మింగేశాను.

ఇంకో నరకం. జడ్జి గారికి ఎడమ చెవి పక్కన చెంప మీదికి దిగిన జుట్టు కుడిదానికంటే రెండు వేళ్ళు పొడుగు. ఎవడు కత్తిరించాడో వాడి చెయ్యి పడిపోను! రోజంతా ఎదురుగా కూర్చుంటాడు, నా వేళ్ళు దురద పెడుతుంటాయి.

శుక్రవారం పడవ మీదే పిల్లని అడుగుతారట. అడిగేది కెప్టెన్‌ని, నాతో పనేముంది? నీ చెయ్యి అడగడానికొచ్చిన రోజు, పెళ్ళికొడుకు ఓర్పు చూడ్డానికి వేసే ఉప్పుతోపాటు నా కాఫీలో మిరియాలూ కలిపావు, గుర్తుందా? మొహం చిట్లిస్తే ఓర్పు లేనివాడంటారని కళ్ళ నీళ్ళు కారుతున్నా గుటకలేశాను. ఈ టోల్గా గుటకలేస్తుంటే చూడాలని ఎంత ఆశపడ్డానో! అదీ వద్దు. గురువారం మంచినీళ్ళ కోసం రేవుకి వెళ్తారు. కడుపునొప్పని చెప్పి దిగిపోయి బస్సెక్కుతాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యమని, పడవ మీదొచ్చి రొట్టెలమ్మే ఆవిడ చేతికిస్తున్నాను.

ఓడ లేని కెప్టెన్,
నీ బెద్రి


శుక్రవారం సాయంత్రం, పడవ మీదే

ఎదురు చూస్తున్న నజ్మియేకి,

బస్సు దిగలేదని గాబరా పడకు. నిన్న సంచి భుజాన వేసుకుని బుట్ట దగ్గరికెళితే నాలుగు జతలే ఉన్నాయి. నా చెప్పులు లేవు! ఊరందరి చెప్పులూ దాచినవాడి చెప్పులు! మన అమ్మాయి వాటి మీదే కూర్చుని, నా వంక చూడకుండా టీ తాగుతోంది. ఉత్తి కాళ్ళతో ఎస్కిషెహిర్ వెళ్ళలేక ఆగిపోయాను. అమ్మాయితో మాత్రం మాట్లాడలేదు.

ఇవాళ మధ్యాహ్నం ముహిత్తిన్ బే చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, "దేవుడి ఆజ్ఞతో, ప్రవక్త మాటతో మీ అమ్మాయిని మావాడికి అడుగుతున్నాం, కెప్టెన్ గారూ" అన్నాడు. జెయ్లాన్ కాఫీ తెచ్చింది. నేను టోల్గా మొహమే చూస్తున్నాను. వాడు కళ్ళు మూసుకుని గుటకేశాడు. తెరిచాడు. మళ్ళీ గుటకేశాడు. "తియ్యగా ఉందే!" అన్నాడు బిక్కమొహం వేసి.

అప్పుడు నేను తాగాను. నజ్మియే, అది కాఫీ కాదు, సముద్రం. మొహం కదలనివ్వకుండా అడుగుదాకా తాగేశాను.

జెయ్లాన్ పళ్ళెం గుండెకి అదుముకుని నిలబడింది. "ఉప్పు మా నాన్నకి వేశాను. ఆరు రోజులుగా నా అబద్ధాన్ని మొహం చిట్లించకుండా మింగుతున్నాడు. ఆయన కెప్టెన్ కాదు. ఎస్కిషెహిర్‌లో సెలూన్ ఉంది. ఇప్పుడు నన్ను అడగాలనుకుంటే ఆయన్నే అడగండి. వద్దనుకుంటే రేపు దిగిపోతాం" అంది.

నెజిహే హనుమ్ కప్పు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇంతవరకూ బయటికి రాలేదు. ఈ సంబంధం ఏమవుతుందో నాకు తెలియదు. టోల్గా మాత్రం తన కాఫీలో ఉప్పు వెయ్యమని మన పిల్లని వేడుకుంటూ తిరుగుతున్నాడు.

జడ్జి చాలాసేపు చెవి దగ్గర తడుముకున్నాడు. "ఆరు రోజులుగా మీరు నా చెవినే ఎందుకు చూస్తున్నారో ఇప్పుడర్థమైంది. అంత ఘోరంగా ఉందా?"

"ఎడమది రెండు వేళ్ళు పొడుగండీ."

లేచి కుర్చీ వెలుతురు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "మిమ్మల్నే అడుగుతున్నాను, బెద్రి గారూ. ముందు ఇది సరిచెయ్యండి, తర్వాత పిల్ల సంగతి."

రుష్తు కత్తెర అందించాడు. ఎడమదాన్ని కుడిదానికి సమానం చేశాను. నోట్లో ఉప్పు ఇంకా అలాగే ఉంది. పోతుందేమోనని నీళ్ళు తాగలేదు.

చెప్పులు తిరిగి దొరికిన,
నీ సెలూన్ బెద్రి