నెత్తళ్ళు చుట్టిన నోటీసు

విజయనగరం, బుధవారం

అమ్మా,

నేను కులాసా. పొద్దున నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళ పొట్లం విప్పితే, చుట్టిన కాగితం మీద మన ఊరి పేరు కనిపించింది. రొయ్యల కంపెనీవాళ్ళు ఇంటింటికీ పంచిన నోటీసు అది. “మంచి మాటలే రాసినారటే, మనకేటి బయం?” అన్నావు మొన్న ఫోన్లో. ఆ మంచి మాటలు చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది. “అభివృద్ధికి సహకరించగలరు” అంటే, మనం చేపలు ఎండబెట్టుకునే దిబ్బ వాళ్ళకి వదిలేయమని.

ఇక్కడ నేను చేరిన ఈ రైటింగ్ కోర్సులో మూడు నెలలుగా నేర్పింది ఇదే. ‘ఖాళీ చేయండి’ అని ఎక్కడా రాయకూడదు. “చదివేవాళ్ళకి కోపం రాకపోతే చాలు, సంతకం దానంతటదే వస్తుంది” అంటారు మా సార్. మేం తలలు వంచుకుని రాసుకున్నాం.

ఆదివారం కంపెనీవాళ్ళు సంతకాలకి వస్తే నాన్నని వేలిముద్ర వేయవద్దను. గంగులు మావ ఇప్పటికే వేసేసి ఉంటే, ఏ రోజు, ఎవరి ముందు వేశాడో చెల్లి చేత రాయించి పంపు. నీ మోకాలు ఎలా ఉంది? మందు మానకు.

ఫోన్ చేస్తే నీకొక్కదానికే వినబడుతుంది. కార్డయితే పోస్టుమాన్ హరిబాబు గారు వీధిలో నిలబడి పైకి చదువుతారు. ఇదీ అలాగే చదవమను, అందరూ వినాలి. పెద్దలకి నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

ఊరి పేరు చోట ఖాళీ వదిలి, అభ్యాసమని చెప్పి, సార్ క్లాసులో రాయించిందే ఆ కంపెనీ నోటీసు. రాసింది నేనే.

ఝాన్సీ