తెర మీద ఎండ్రకాయలు

బొంబాయి,
ఆదివారం.

అక్క రమణమ్మకు తమ్ముడు చెంచయ్య నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బిట్రగుంటలో నాన్నకు దగ్గు తగ్గిందా? వెళ్లినప్పుడు చూసి రాయి.

ఇక్కడ నెల రోజులుగా వాన. ఉతికిన చొక్కా ఆరదు. హోటల్లో పప్పులో బెల్లం వేస్తారు. కారం అడిగితే నన్ను వింతగా చూస్తారు. ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ పచ్చడి పంపు. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు.

నా ఉద్యోగం ఏమిటని బావగారు అడిగారట. మాది కదిలే బొమ్మల సినిమాలు తీసే సర్కారు ఆఫీసు. ఎద్దు ఒక్క అడుగు వేయాలంటే నేను పన్నెండు బొమ్మలు గీయాలి. రైతులకు ఎరువుల గురించి చెప్పే సినిమా కోసం ఆరు నెలలు ఒకే ఎద్దును నడిపించాను. అది ఇంకా పొలం చేరలేదు.

విసుగెత్తి, పారేసిన ఫిల్ము ముక్కలు ఏరుకుని, కెమెరా లేకుండా, ఫిల్ము మీదే సూదితో గీకి ఒక చిన్న సినిమా చేశాను. మీ బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున అల వెనక్కి పోగానే ఎండ్రకాయలు పరుగెత్తుతాయే, అదే కథ. రెండు నిమిషాల బొమ్మకు నాలుగు నెలలు పట్టింది.

రెండు వారాల కింద మా ఆఫీసరుగారు ఎరువుల సినిమా ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చారు. ఆయన కాకినాడ వైపు మనిషి. దాని వెనకే నాది కూడా వేయమని ప్రొజెక్టరు నడిపే ఆయనను బతిమాలాను. తెర మీద గీతలు కనబడగానే ఆఫీసరుగారు, "ఆపండి, రీలు పాడైపోయింది!" అని కేక వేశారు.

నేను లేచాను. "పాడు కాలేదు సార్, నేనే చేసినాను."

"ఫిల్మంతా నువ్వే పాడు చేశావా?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. "కడదాకా చూడండి సార్, తర్వాత పొమ్మంటే పోతాను" అన్నాను. ఏమనుకున్నారో, సరేనన్నారు. ఎండ్రకాయలు గుంపుగా తెర అంచుదాకా వచ్చేసరికి, అక్కా, ఆయన రెండు కాళ్లూ ఎత్తి కుర్చీలో పెట్టుకున్నారు!

దీపాలు వెలిగాక మెల్లగా కాళ్లు దించి, "ఏవిటయ్యా అవి?" అన్నారు.

"ఎండ్రకాయలు సార్."

"అంటే?"

"మీ వైపు పీతలంటారు సార్."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! మళ్లీ వెయ్యమను."

మూడుసార్లు చూశారు. ఇప్పుడు దోమల మీద ఒక సినిమా నా ఇష్టం వచ్చినట్టు చేయమన్నారు. ఆ సినిమా మొదట్లో నా పేరు కూడా వేస్తారట. అదీ నేనే గీకాను. ఇన్ని వేల బొమ్మలు గీసినవాడికి, చెంచయ్య అని మూడు అక్షరాలు రాయడానికి మూడు రోజులు పట్టింది. గీకిందల్లా నచ్చక పారేసి మళ్లీ గీకాను.

నాన్నకు పేరు సంగతి చెప్పు. మూడు రోజుల సంగతి చెప్పవద్దు.

నాన్నకు, బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెనలు కోరుతూ,

నీ తమ్ముడు
చెంచయ్య