ఓనరాంటీ మెయిన్ స్విచ్

మంగళవారం, రాత్రి

పనిచేసింది! మధ్యాహ్నం హాస్పిటల్లో అన్నం తింటూ ఫోన్ తెరిస్తే, ఫరీదాబాద్‌లో తాళం వేసొచ్చిన నా గదిలోంచి మా చర్చి క్వైర్ పాట వచ్చింది. తెర పగిలిన ఆ పాత లాప్‌టాపే ఇప్పుడు నా సొంత సర్వర్! పక్కనున్న తోటి సిస్టర్లందరికీ బలవంతంగా వినిపించాను.

వారం నుంచీ నేను డ్యూటీకి రాగానే అది ఆగిపోతుంటే, రూటర్నీ కేబుల్నీ ఊరికే తిట్టుకున్నాను. తీరా చూస్తే, నా తలుపుకి తాళం కనపడగానే కరెంటు దండగని ఓనరాంటీ మెయిన్ స్విచ్ కట్టేస్తోంది! నిన్న అడిగితే, "ఖాళీ గదికి కరెంటెందుకు బేటా?" అంది. పాపం ఆవిడ ఫోన్ నిండిపోయి, తన కీర్తన్ వీడియోలు ఒక్కొక్కటే చెరిపేసుకుంటోంది. మిగిలినవన్నీ నా సర్వర్లో మా క్వైర్ పాటల పక్కనే ఎక్కించి, ఆవిడ టీవీలో పెట్టి చూపించాను. అంతే, ఇవాళ పొద్దున్నే ఆ స్విచ్ మీద ఎవరూ చెయ్యి వేయకుండా టేపు అంటించేసింది!

సాయంత్రం కిందికి వెళ్తే గిన్నెడు హల్వా చేతిలో పెట్టి, "నీ డబ్బా ఎప్పటికీ ఆగకూడదు బేటా" అంది.

"ఠీక్ హై ఆంటీ" అనేశాను.

అసలు నేను వెళ్ళింది, వచ్చే నెల గది ఖాళీ చేస్తున్నానని చెప్పడానికి.