లాపుకి ఆరు మీటర్లు

మే 2, మంగళవారం

నిన్న నకురులో మేడే రోడ్ రేసు. మూడో స్థానం. మొదటి బహుమతి డబ్బు, రెండోది పరుపు, మూడోది వాచీ. పరుపు గెలిచిన పిల్ల దాన్ని మటాటు వ్యాను మీదకి ఎక్కించడానికి నానా తంటాలు పడుతుంటే అందరం నవ్వాం. ఇంటికొచ్చాక అత్తగారు వాచీని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో నాలుగు అంగలు గట్టిగా వేసి ఉంటే పరుపు వచ్చేది కదా అన్నారు. నిజమే. ఆరు సెకన్ల తేడా.

ఈ వాచీ శాటిలైట్లని చూసి మనం ఎంత దూరం పరిగెత్తామో చెబుతుందట. నాకు నచ్చింది. రాత్రంతా చేతికే ఉంచుకుని పడుకున్నాను.

మే 5, శుక్రవారం

గ్రౌండులో పది లాపులు. నాలుగు కిలోమీటర్లు రావాలి. వాచీలో 4.09 వచ్చింది.

డోర్కస్ పడీ పడీ నవ్వింది. మా అందరిలో చిన్నది, అందరికంటే వేగం, అందరికంటే నోరు. తొంభై మీటర్లు ఊరికే వచ్చాయి కదక్కా, ఇంటికి తీసుకుపో అంది. మాస్టారు కూడా నవ్వారు. రోడ్డు మీద సరిగ్గానే చెబుతాయి కానీ ఈ వాచీలు వంపు దగ్గర తడబడతాయి, ఎక్కడ తిప్పినా ఎక్కువే చూపిస్తాయి, నేను చాలా చూశాను అన్నారు. ఆయన నమ్మేది తన మెడలో వేలాడే స్టాప్‌వాచ్‌నీ, ఈ ఎర్రమట్టి గ్రౌండునీ. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా ఉన్నప్పుడు స్టీలు టేపూ తాడూ పట్టుకుని ఈ ట్రాక్ ఆయనే గీశారు. పద్దెనిమిదేళ్లయింది. లోపలి అంచున సున్నం వేసిన రాళ్లు కూడా ఆయన పేర్పించినవే.

మే 8, సోమవారం

డోర్కస్ తమ్ముడికి కప్సబెట్‌లో ఫోన్ల కొట్టు ఉంది. వాడు వాచీలో ట్రాక్ మోడ్ అని ఒకటి పెట్టిచ్చాడు. ఇప్పుడు ప్రతి లాపూ ఖచ్చితంగా నాలుగు వందలే. నిన్నటి దాకా తొమ్మిదీ పదీ మీటర్లు ఎక్కువ చూపిన వాచీ ఒక్కసారిగా ఇంత బుద్ధిమంతురాలెలా అయింది? నేను వినాలనుకున్నదే చెబుతోంది. అలాంటి మనుషులు నాకు చాలామంది ఉన్నారు, వాచీ కూడా ఎందుకు? ఆ మోడ్ తీసేశాను.

మే 9, మంగళవారం

ఐదు వేల మీటర్లు. 16:11.

మాస్టారి రూలు అందరికీ తెలిసిందే. ఈ గ్రౌండులో పదహారు నిమిషాల్లోపు వస్తేనే పేరు నోట్‌బుక్కులోకి ఎక్కుతుంది. నోట్‌బుక్కులో ఉన్నవాళ్లే 27న ఎల్డొరెట్ ట్రయల్స్‌కి. డోర్కస్ 15:52 చేసింది, దానికి చింత లేదు.

నాకు ఇరవై ఏడు. బాబుకి మూడేళ్లు. ఈసారి పేరు ఎక్కకపోతే బూట్లు అటక మీద పెట్టి టీ ఫ్యాక్టరీలో చేరతానని మా ఆయనతో నేనే అన్నాను. ఆయన అడగలేదు. నేనే అన్నాను. ఎందుకన్నానో. ఇంకొక్క అవకాశం ఉంది, 20వ తేదీ శనివారం.

మే 10

కాళ్లు బాగానే ఉన్నాయి. మనసే బాగాలేదు.

మే 13, శనివారం, సాయంత్రం

మా ఆయన పాల లారీలో ఎల్డొరెట్ వెళ్లాను, బాబుకి టీకా వేయించడానికి. వాడు సూది చూసి అరిచిన అరుపు ఊరంతా వినబడి ఉంటుంది. తిరిగి బయల్దేరడానికి గంట టైముంది. స్టేడియం గేటు తీసే ఉంది. బాబుని మా ఆయన భుజం మీద పెట్టి, సరిగ్గా నాలుగు వందల మీటర్లుండే రబ్బరు ట్రాక్ మీద పది లాపులు తిరిగాను, ఊరికే, సరదాకి.

4.03.

ఇక్కడా ఎక్కువే చూపించింది, మాస్టారు చెప్పినట్టే. కానీ ముప్ఫై మీటర్లే. మా గ్రౌండులో తొంభై. అదే వాచీ, అదే చెయ్యి, అవే పది లాపులు. లారీలో వస్తూ మా ఆయన పాల ధర గురించి ఏదో చెబుతూ ఉన్నారు, నేను ఊఁ కొడుతూ ఉన్నాను. మిగిలిన అరవై మీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

మే 14, ఆదివారం

చర్చిలో పాస్టర్ చెప్పింది ఒక్క ముక్క ఎక్కలేదు. రాళ్లు గుర్తొచ్చాయి.

ఏటా ఏప్రిల్ వానలకి లోపలి లేన్ కాలవైపోతుంది. పోయినేడాది రాళ్లన్నీ అడుగున్నర బయటికి జరిపాం, పొడినేల మీద పరిగెత్తొచ్చని. ఈ ఏప్రిల్లో మళ్లీ అడుగున్నర. అందరం కలిసి పాటలు పాడుకుంటూ జరిపాం. మాస్టారు గొడుగు పట్టుకుని నిలబడి, ఇంకాస్త, ఇంకాస్త అని కేకలేశారు. మూడడుగులే కదా అనుకున్నాం.

మూడడుగులు ఒక వైపు కాదు, గ్రౌండు చుట్టూ. ప్రార్థన పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను. లాపుకి దాదాపు ఆరు మీటర్లు. ఐదు వేలకి డెబ్బై మీటర్ల పైనే. నా 16:11 అసలుకి 15:57 అవుతుంది.

మూడుసార్లు వేశాను. అత్తగారు మోచేత్తో పొడిచారు, అందరూ మోకాళ్ల మీద ఉన్నారు, నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను.

మే 16, మంగళవారం

చెప్పాను. ఎలా చెప్పినా సాకు చెబుతున్నట్టే ఉంటుందని నాకు తెలుసు. మాస్టారు అంతా విన్నారు.

"పద్దెనిమిదేళ్లుగా ఈ నేల అబద్ధం చెప్పలేదు. నిన్నకాక మొన్న వచ్చిన వాచీ చెప్పిందని నేలని అనుమానిస్తావా అమ్మా?"

స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని వెళ్లిపోయారు. విజిల్ కూడా ఊదలేదు. డోర్కస్ నా మీద మండిపడింది. పెద్దాయన్ని బాధపెట్టి ఏం సాధించావు, ఇంకో పదకొండు సెకన్లు పరిగెత్తలేవా అంది. దాని మాటలో తప్పేం లేదు. అందుకే ఎక్కువ కోపమొచ్చింది.

మే 18, గురువారం, ఉదయం 6

పొగమంచు. నేను వెళ్లేసరికి మాస్టారు ఒక్కరే ఉన్నారు, మోకాళ్ల మీద, ఎక్కణ్ణుంచో అరువు తెచ్చిన స్టీలు టేపుతో. ప్యాంటంతా మట్టి. రెండో కొస ఎగిరిపోకుండా రాయి పెట్టుకున్నారు. నన్ను చూసి ఆ కొస నా చేతికిచ్చారు. లాపంతా కొలిచాం. గంటన్నర పట్టింది.

నాలుగు వందల ఆరుకి జానెడు తక్కువ.

ఆయన ఒక రాయి మీద కూర్చుండిపోయారు. నాకు గెలిచినట్టు అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. మరైతే నా 16:11, అని మొదలుపెట్టాను.

"కాగితం మీద పరిగెత్తినవాళ్లని నేను పంపను. రాళ్లు జరిపిస్తాను. శనివారం మళ్లీ పరిగెత్తు."

మే 19

రాళ్లు మోశాం. కాలవలో ఎర్ర కంకర పోసి తొక్కాం. నడుములు పడిపోయాయి. డోర్కస్ అందరికంటే పెద్ద రాళ్లు మోసింది, నాతో మాట్లాడకుండానే. చివర్లో చపాతీలో సగం తుంచి ఇచ్చింది.

మే 20, శనివారం

15:58!

కంకర కాళ్ల కింద జారుతూనే ఉంది. నాలుగో కిలోమీటరులో ఇక అయిపోయాననుకున్నాను. డోర్కస్ పక్కన గడ్డిలో నాతోపాటే పరిగెడుతూ తిట్టింది. ఇక్కడ రాయలేని తిట్లు. వాటితోనే వచ్చాను. మాస్టారు స్టాప్‌వాచ్ రెండుసార్లు చూసి, నోట్‌బుక్కులో నా పేరు పూర్తిగా రాశారు, మా నాన్న పేరుతో సహా.

వాచీ ప్రకారం ఐదు కిలోమీటర్లు 15:51కే అయిపోయాయి. నాకంటే ఏడు సెకన్లు ముందే వచ్చేసింది. రానీ, దాని సంతోషం దానిది.

మా ఆయన మేక మాంసం తెచ్చారు. అత్తగారు రెండోసారి వడ్డించారు. ఇంత బాగా నిద్రపట్టి చాలా రోజులైంది.

మే 22, సోమవారం

మాస్టారు ఆదివారమంతా నోట్‌బుక్కు వెనక్కి తిరగేస్తూ కూర్చున్నారట. పోయినేడాది మేలో, మొదటిసారి రాళ్లు జరిపాక, మాతో పరిగెత్తే ఒకమ్మాయి 16:05 చేసింది. హెలెన్. పదహారు దాటిందని ఆయన పంపలేదు. ఆ వారమే గ్రౌండు మానేసింది, నందీ హిల్స్‌లో టీ ఫ్యాక్టరీలో చేరింది. ఇప్పుడు లెక్కేస్తే 15:58. సరిగ్గా నాది.

ఈ రోజు చర్చి కోటు వేసుకుని, మటాటు ఎక్కి, ఆమె దగ్గరికి వెళ్లొచ్చారు. ఏం చెప్పారని అడిగాం. బుధవారం ఒకసారి గ్రౌండుకి రమ్మన్నానని, మిగతాది నోటిదాకా వచ్చి రాలేదని అన్నారు.

నిజమే రాయాలి. ఆమె వస్తే నాకు భయం. చివరి లాపులో హెలెన్‌ని నేను ఎప్పుడూ దాటలేదు. అయినా రావాలనే ఉంది. రెండూ ఉన్నాయి.

మే 24, బుధవారం

హెలెన్ వచ్చింది. బూట్లు లేవు. ఏడాదిగా పరిగెత్తలేదట. అందరం పక్కకి తప్పుకున్నాం. ఒక్క లాపు తిరిగి, మొదలుపెట్టిన చోటే ఆగి, వెనక్కి తిరిగి వంపు వైపు చూసింది.

"గ్రౌండు చిన్నదైందా మాస్టారూ?"

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"లేదమ్మా. నువ్వు పరిగెత్తిన రోజున పెద్దదిగా ఉంది."